గోడ అవతలి ఓడ

మా ఆయన పోయినాకనే నాకు అక్షరాలు వచ్చినవి. ఒకామె కాగితం మీద రాసి చూపించేది చదవాలని నేర్చుకున్నాను. ఒత్తులు, దీర్ఘాలు తప్పిపోయి ఉంటే మన్నించండి. నా చెయ్యి నిదానం, ఇంత రాసేసరికే రెండు వారాలు పట్టింది.

సుందరవల్లి కిటికీ తలుపు ఠపీమని మూసింది.

"తినేవాళ్ల నోట్లోకి అట్ల చూస్తారా ఎవరన్నా? దిష్టి తగలదూ?"

కిటికీ అవతల నిలబడిన పక్క గది ఆమె ఏమీ అనలేదు. ఎప్పుడూ అనదు. మెడకు గుడ్డ చుట్టుకొని, ఎవరు పలకరించినా తల ఊపి పోతుంది. తమిళనాట సింగానల్లూరులో ఆ వరుస ఇళ్లకు వచ్చి మూడు నెలలైంది. 'పొగరుది' అని అప్పుడే పేరు పడింది.

లోపల మంచం మీద సుందరవల్లి మొగుడు అళగిరిసామి. పక్షవాతం వచ్చి మాట పోయింది, సగం ఒళ్లు పోయింది. ముద్ద పెదవులకు ఆనించినా నోరు తెరవడు.

రోజుకు ఒక్కసారే తెరుస్తాడు. మధ్యాహ్నం మూడు గంటలకు, టీవీలో ఆ పాత చుక్కల ఓడ సీరియల్ వచ్చేటప్పుడు.

ఎక్కడి సీరియలో, తమిళంలో మాట్లాడిస్తారు. ఒక ఓడలో మనుషులు చుక్కల మధ్య తిరుగుతుంటారు. ఒకనాటి కథలో ఏదో గ్రహం గాలి సోకి వాళ్లంతా నిద్రపోయినారు. మెలకువగా ఉన్నది ఓడ ఒక్కటే. ఆ ఓడకు ఆడగొంతు. బిందెలో నుంచి వచ్చినట్టు గుమ్మని మోగుతుంది.

"కెప్టెన్, కళ్లు తెరవండి. ఓడ మీ కోసం కాచుకొని ఉంది."

పిలవగా పిలవగా కెప్టెన్ కళ్లు తెరిచినాడు. ఇక్కడ అళగిరిసామి నోరు తెరిచినాడు.

ఆనాటి నుంచి ఓడ పలికినప్పుడల్లా సుందరవల్లి ఒక ముద్ద పెడుతుంది. ఆయన ప్రాణం నిలిచేది ఆ ముద్దల మీదనే.

సరిగ్గా ఆ వేళకే పక్క గది ఆమె కిటికీ దగ్గరికి వచ్చేది. ఓడ మాట్లాడుతుంటే ఆమె పెదవులు కూడా కదిలేవి. వెక్కిరిస్తున్నదని సుందరవల్లికి ఒళ్లు మండేది.

ఆ సోమవారం సీరియల్ రాలేదు.

మేడ మీద ఉండే ఇంటి ఓనరు బాలసుందరం కేబుల్ వాళ్లకు ఫోన్ చేసినాడు.

"ఆపేసినారంటక్కా. ఇంక రాదంట."

"నీ ఫోన్లో దొరకదాప్పా?"

వెతికినాడు. ఇంగ్లీషుది దొరికింది. గొంతు వేరు. అళగిరిసామి మొహం తిప్పుకున్నాడు.

రెండు రోజులు నీళ్లు తప్ప ఏదీ లోపలికి పోలేదు.

"తినకపోతే ముక్కులో గొట్టం వెయ్యాల్సిందే. ఈ ఒంటికి అదీ ఎన్నాళ్లు తాళుతుందో" అన్నాడు డాక్టరు.

"ఒక్క ముద్దయ్యా, నీ కాళ్లు మొక్కుతా. ఆ ఓడమ్మను నేనెక్కడి నుంచి తెచ్చేది?"

సుందరవల్లి ఏడుపు గోడ దాటింది.

కాసేపటికి కిటికీ చప్పుడైంది. పక్క గది ఆమె. చేతిలో కాగితం.

"ఏమిది? చదివే మొహమేనా నాది? నోరుంది గదా, చెప్పు!"

ఆమె గొంతు మీద చెయ్యి పెట్టుకుంది. కాగితం మళ్లీ చాపింది.

"ఏడుపు కూడా మెల్లగా ఏడవాలా నీ కోసం?"

సుందరవల్లి కాగితం లాక్కుంది. నాలుగు మడతలు పెట్టి, గడియ వదులైన కిటికీ సందులో కుక్కింది. తలుపు బిగుసుకుంది.

మరునాడు మూడు గంటలకు గోడ అవతల ఓడ పలికింది.

"కెప్టెన్, కళ్లు తెరవండి..."

అదే గొంతు. అళగిరిసామి తల తిప్పినాడు. నోరు తెరిచినాడు.

"చూసినావా, టీవీ తెచ్చిపెట్టుకుంది! ఏ చానెల్లో వస్తాదో నాకొక మాట చెప్పితే దీని సొమ్మేం పోయింది?"

తిడుతూనే ముద్ద పెట్టింది. కన్నీళ్లు కంచంలో పడినవి.

అట్లా పదకొండు రోజులు. రోజురోజుకు గొంతు బొంగురు పోతూ వచ్చింది.

'టీవీ చెడిపోతున్నట్టుంది' అని సుందరవల్లి బెంగపడింది.

పదకొండో రోజు అళగిరిసామి సగంలో నోరు మూసుకున్నాడు. సుందరవల్లి గోడ దాటేటట్టు బతిమాలింది.

"రవంత తినండన్నా. ఇంకొక్క ముద్ద" అన్నది ఓడ.

సుందరవల్లి చెయ్యి ఆగిపోయింది. అది తమిళం కాదు, తాతల నాటి నుంచి తమిళనాటనే ఉన్న వాళ్ల ఇంటి తెలుగు. ఆంధ్రా చానెళ్లలో కూడా వినపడని తెలుగు.

అళగిరిసామి నోరు తెరవగానే ఆ ఆలోచన మరిచిపోయింది.

పన్నెండో రోజు గోడ పలకలేదు. పదమూడో రోజూ పలకలేదు. పక్క గదికి తాళం.

సుందరవల్లి మేడమెట్లు ఎక్కింది.

"ఆమె ఏదప్పా? ఆ టీవీ నాకిమ్మను. కాళ్లైనా పట్టుకుంటా."

"అభిరామి అక్కనా? గొంతులో పుండు ముదిరి నిన్న ఆపరేషన్ చేసినారు. ఇంక ఈ జన్మకు మాట రాదంట. అటునుంచి అటే పొల్లాచ్చిలో అన్న ఇంటికి పోతాది. సామాను పంపమన్నారు."

తాళం తీసినాడు.

ఒక చాప. రెండు చీరలు. మందు సీసాలు.

"టీవీ ఏది?"

"ఆమెకు టీవీ ఎప్పుడుండిందక్కా?"

సుందరవల్లి ఇంటివైపు గోడ దగ్గర ఒక బిందె పడుకోబెట్టి ఉంది. కింద రెండు ఇటుకలు. మనిషి చాప మీద కూర్చుంటే సరిగ్గా నోటి ఎత్తుకు వస్తుంది.

ఖాళీ బిందె.

సుందరవల్లి ఇంట్లోకి పరుగెత్తి, కిటికీ సందులో కాగితం పీకింది. తలుపు దానంతటదే తెరుచుకుంది.

"ఇది చదువప్పా."

బాలసుందరం మడతలు విప్పినాడు. ముందు తనలో తాను చదువుకున్నాడు. తరువాత నిదానంగా పైకి చదివినాడు.

"అక్కా, ఆ ఓడ గొంతు నాదే, చెన్నైలో నేనే మాట్లాడినాను; మాట్లాడితే గొంతు దక్కదని డాక్టరు అంటాడు, పోనీలే, మీరు సరేనంటే లోపలికి వచ్చి అన్న పక్కన కూర్చొని చెప్తా."

సుందరవల్లి,
వయసు అరవై ఎనిమిది,
ఇప్పుడుండేది పొల్లాచ్చిలో, అభిరామి పక్క గది.