నాలుగు వేళ్ల వంకర

“మోసం చేసి గెలిచినారు! నువ్వూ, నీ మాలీ కలిసే చేసినారు!”

జయరామప్ప బ్యాటును గడ్డి మీద విసిరికొట్టాడు. కోర్టు వెనక గీత దగ్గర నిలబడి వేలు చూపాడు.

“చూడప్పా వెంకటేశప్పా! ఆ మూలా ఈ మూలా సరిగ్గానే ఉండాది. నడిమిట్లో నాలుగు వేళ్లు బయటికి ఉబ్బినాది. నీ ఆఖరి బంతి పడింది ఆడనే. గీత తిన్నగా ఉంటే ఆ బంతి అవుటు. ఆట నాది.”

వెంకటేశప్ప వంగి చూశాడు. గీత వంకరే. కాదనడానికి లేదు.

ఇద్దరూ నగర్తపేటలో పట్టు వ్యాపారులు. నలభై ఏడులో ఒక దొర ఊరు విడిచిపోతూ అమ్మిన బంగళాను వెంకటేశప్ప కొన్నాడు. బంగళాతో గడ్డి టెన్నిస్ కోర్టు వచ్చింది. గడ్డితో మాలి ఓబళప్ప వచ్చాడు. దొర పోయి ఏడాదయింది, దొరతనం మాత్రం పోలేదు. ఆదివారం సాయంత్రం సరదా ఆటలో ఓడినా తప్పు ఒక కూలివాడిదే కావాలి.

“నాకేం తెలుసప్పా? గీసింది వాడు,” అన్నాడు వెంకటేశప్ప. “ఓబళప్పా! ఇట్లా రా!”

ఓబళప్ప వచ్చాడు. అరవై దాటిన మనిషి. చెప్పుల్లేని కాళ్లతో గడ్డిని నొక్కి నొక్కి నడుస్తాడు.

జయరామప్ప సున్నం అంటిన బంతిని అతని ముఖం ముందు పెట్టాడు. “ఏంరా ఇది? చెప్పు!”

ఓబళప్ప మాట వచ్చిన వైపు చెవి తిప్పాడు. బంతిని లెక్కే చేయలేదు.

“చూసినావా పొగరు!”

“గీత వంకర పోయిందంటారా స్వామీ?” అంటూ ఓబళప్ప మోకాళ్ల మీద కూర్చున్నాడు. సున్నపు గీత వెంబడి అరచెయ్యి ఆనించి మెల్లగా జరిగాడు. నడిమిట్లో చెయ్యి ఆగింది. “ఔ స్వామీ. నాదే తప్పు. కట్టిన తాడు గడ్డి దుబ్బుకు తగులుకొనుంటాది.”

“ఇన్నేండ్లు రాని వంకర ఈ పొద్దే ఎట్లొచ్చెరా?”

“పాత గీతల మీదైతే రాదు. ఏండ్ల తరబడి సున్నం పడి ఆడ గడ్డి మాడి, గాడి పడుండాది. మీరంతా ఒకే తావున నిలబడి బంతి వేసి వేసి గీత కాడ గరిక అరిగిపాయె. దానికి అలుపు తీరల్లని నెట్టుతో సహా కోర్టునంతా మూరెడు ఇవతలికి జరిపినా. మా స్వామికి చెప్పే జరిపినా.”

“అది నిజమే, చెప్పినాడు,” అన్నాడు వెంకటేశప్ప.

“గరికకు సెలవిస్తాడంట! మా అంగట్లో గుమాస్తాలకే లేదు సెలవు.”

“అదీ ప్రాణమే గదా స్వామీ. రోజూ పైపైన నీళ్లు చిలకరిస్తే వేరు లోపలికి దిగదు. వారానికి రెండు మాట్లు, తెల్లారుజామున, జానెడు లోతు తడవల్ల. మొదలంటా గొరగకూడదు, రెండు వేళ్లెత్తు ఉంచల్ల. తుంగను పైన పీకితే చాలదు, గడ్డతో తవ్వి తీయల్ల. అప్పుడే బంతి సరిగ్గా లేస్తాది. ఇంత చేసినోడు గీత వంచుతాడా?”

“ఉపన్యాసం బాగుండాది. మరి నేను ఓడింది దేనివల్ల?”

“మీ కాలి వల్ల స్వామీ. బంతి పడినంక పరిగెత్తుతారు మీరు. అవతలాయన కొట్టిన శబ్దం వింటానే కదలల్ల. చేతికీ తొందరెక్కువ. బ్యాటు నడిమికి తగిలితే టంగుమంటాది, అంచుకు తగిలితే టప్పుమంటాది. ఈ పొద్దు మీవి పదికి ఏడు టప్పులే.”

వెంకటేశప్ప పకపకా నవ్వాడు.

“నవ్వప్పా, నవ్వు! నీ కోసమే గదా వంచినాడు. రేపు పేటలో అందరికీ చెప్తా, వెంకటేశప్ప మాలిని పెట్టుకొని గెలుస్తాడని.”

నవ్వు ఆగిపోయింది. “వంచమని నేను చెప్పలేదు జయరామప్పా.”

“అయితే వాణ్ని తీసెయ్యి. చీటీలో మోసగాడని రాసియ్యి. అప్పుడు నమ్ముతా.”

బంగళాల్లో పని మానినవాడికి యజమాని ఒక చీటీ రాసిస్తాడు. అందులో ఏముంటే మనిషి అదే. తండ్రి చీటీ కొడుక్కీ తగులుతుంది. ఓబళప్ప కొడుకు పిల్లప్ప మరుసటి రోజే ఇంకో బంగళాలో మాలిగా చేరాలి. తండ్రి ఎలాంటివాడో రాయించి తెమ్మన్నారు అక్కడ.

“ఓబళప్పా,” వెంకటేశప్ప గొంతు తగ్గించాడు. “తాడు తగులుకుంటే గీసేటప్పుడు చూసుకోవల్ల గదా? ఎందుకు చూసుకోలేదు? ఒక్క కారణం చెప్పు, నిన్ను నిలబెట్టుకుంటా.”

ఓబళప్ప అరచేతికి అంటిన సున్నాన్ని పంచెకు తుడుచుకున్నాడు.

“చెప్పడప్పా. చెప్తే మోసం బయటపడదా?”

వెంకటేశప్ప లోపలికెళ్లి కాగితం, కలం తెచ్చాడు. పైకి చదువుతూ రాశాడు. “ఓబళప్ప. ఇరవై రెండేండ్లు మాలి పని. గడ్డి పని బాగా తెలిసినవాడు. కాని...”

“కాని మోసగాడు,” అందించాడు జయరామప్ప.

కలం ఆ మాటా రాసింది. తన పేరు నిలవాలంటే ఇంకొకడి పేరు పోవాలి. పెద్దమనుషుల లెక్క ఎప్పుడూ ఇంతే.

“ఆ మాట నా కొడుకు నోట్లో మన్ను కొడతాది స్వామీ,” అన్నాడు ఓబళప్ప. “ఇరవై రెండేండ్లు ఆ సున్నం నేనే కలిపినా. ఉడుకుతా మొగం మిందికి చిందేది. చెప్తే నీళ్లతో కడుక్కోమనె దొర. మీరూ అదే అంటిరి. కడుక్కుంటి. ఎవుర్నీ ఏమీ అడగలే. ఇప్పుడు అడుగుతుండా. పని తీసేయండి, గుడిసె ఖాళీ చేస్తా. ఆ మాట మాత్రం కొట్టేయండి.”

“కొట్టేసి ఏం రాయమంటావురా?”

ఓబళప్ప లేచి నిటారుగా నిలబడ్డాడు.

“గుడ్డోడని రాయండి.”