తెలీక అడగతా ఉండా

"డాక్టరమ్మా, తెలీక అడగతా ఉండా. కడుపుతో ఉన్నోళ్లకి తలనొప్పి మామూలే గదా?"

ఫోన్‌లోంచి ఆ గొంతు వినపడగానే ఫెబీ నెత్తి కొట్టుకుంది.

"మళ్లీ మొదలుపెట్టింది ఈ పెద్దమ్మ!"

ఫెబీ యర్రగొండపాలెం దగ్గర ఒక పల్లెలో ఆశా కార్యకర్త. ఆడవాళ్ల ఆరోగ్యం మీద ఆశాలందరికీ ఆన్‌లైన్ క్లాసులు పెట్టారు. ఊళ్లో చర్చి మెట్ల మీద తప్ప సిగ్నల్ ఎక్కడా నిలవదు. అందుకని రోజూ పొయ్యి మీది కూర దించేసి, ఫోన్ పట్టుకుని అక్కడికి పరుగెత్తుతుంది.

పాఠం చెప్పేది మార్కాపురం డాక్టరు వందన. పాఠానికి అడ్డం తగిలేది మగ్దలీనమ్మ.

ఆవిడ మొహం ఎవరూ చూడలేదు. తెర మీద పేరు మాత్రం కనిపిస్తుంది. మాట్లాడినప్పుడల్లా వెనక రైలు కూత వినపడుతుంది. రైలు స్టేషనున్న కురిచేడు మనిషై ఉంటుందని అందరూ అనుకున్నారు.

నెలసరి గురించి చెబితే, "ఆ గుడ్డలు ఎండలోనే ఎందుకు ఆరెయ్యాలమ్మా?" అంటుంది.

ఐరన్ మాత్రల గురించి చెబితే, "అయి మింగితే బిడ్డ నల్లగా పుడతాదంట గదా?" అంటుంది.

డాక్టరమ్మ విసుక్కోదు. ఓపిగ్గా మళ్లీ మొదటి నుంచి చెబుతుంది.

విసుగంతా ఫెబీకే. ఆ రోజు ఇక ఉండబట్టలేక మైకు ఆన్ చేసింది.

"పెద్దమ్మా, ఈ మాత్రం తెలీకుండా ఈ పనికెట్ల వచ్చినావు? నీ ఒక్కదాని కోసం మేమంతా కూర్చోవాల్నా?"

అవతల నవ్వు వినిపించింది.

"తప్పే తల్లీ. పోనీ, నువ్వు చెప్పు. ఆ తలనొప్పి మామూలుదా, కాదా?"

నిజానికి ఫెబీ కూడా మామూలే అనుకుంటోంది.

"హలో... హలో... సిగ్నల్ పోతాంది పెద్దమ్మా!" అంటూ మైకు కట్టేసింది.

సిగ్నల్ నిండుగా ఉంది.

డాక్టరు వందన నవ్వు ఆపుకుని చెప్పింది.

"తలనొప్పి తగ్గకుండా ఉన్నా, కళ్లు మసకలేసినా, మొహం, చేతులు ఉబ్బినా అది మామూలు కాదు. వెంటనే బీపీ చూపించాలి. ఆలస్యమైతే ఫిట్స్ రావచ్చు. తల్లికీ బిడ్డకీ ఇద్దరికీ ప్రమాదం."

ఫెబీ ఒక్క మాట కూడా పోనీయకుండా వింది. సిగ్నల్ పోయిందని చెప్పింది కాబట్టి, విన్నట్టు మాత్రం ఎవరికీ తెలియనీయలేదు.

కొన్నాళ్లకు గొర్రెల పోలయ్య ఇంటికి వెళ్లింది. పోలయ్య కోడలు మల్లికి ఎనిమిదో నెల. తలకు గుడ్డ బిగించి కట్టుకుని మంచంలో పడుకుని ఉంది.

"ఏందే మల్లీ, ఇట్ల పండుకున్నావు?"

"తల పగిలిపోతాందక్కా. నిన్నటి నుంచీ ఇంతే. నీ మొగం కూడా అలికినట్టు కనపడతాంది."

అత్త చెంచమ్మ తేలిగ్గా తీసేసింది.

"ఎండలో తిరిగింది. కడుపుతో ఉన్నోళ్లకి తలనొప్పి మామూలే గదా!"

అచ్చంగా అదే మాట. ఫెబీ చెవుల్లో మగ్దలీనమ్మ గొంతు మోగింది. దాని వెంటే డాక్టరమ్మ జవాబు.

మల్లి చెయ్యి అందుకుని చూసింది. వేళ్లు ఉబ్బి, ఉంగరం కదలడం లేదు.

"మామూలు కాదత్తా! లేపు! పోదాం పాండి!"

ఊరి క్లినిక్‌లో నర్సమ్మ బీపీ చూసి కంగారు పడింది. కాసేపటికే 108 వచ్చింది. మార్కాపురం చేరేదాకా ఫెబీ మల్లి చెయ్యి వదల్లేదు. దారంతా ప్రార్థన చేస్తూనే ఉంది.

ఆపరేషన్ చేసి ఆడపిల్లను తీశారు. పిల్ల బక్కగా ఉన్నా, గొంతు మాత్రం ఆసుపత్రంతా వినిపించింది.

"ఇంకాస్త ఆలస్యమై ఉంటే చెప్పలేకపోయేవాళ్లం," అన్నారు అక్కడి డాక్టర్లు.

చెంచమ్మ ఫెబీ చేతులు పట్టుకుని ఏడ్చేసింది.

"నీకెట్ల తెలిసింది తల్లీ?"

"నాకు తెలీదత్తా. ఒక పెద్దమ్మ అడిగింది."

క్లాసులు ముగిశాక, సర్టిఫికెట్లు ఇవ్వడానికి అందరినీ మార్కాపురం పిలిచారు. చెంచమ్మ వాళ్ల గేదె అప్పుడే ఈనింది. జున్ను వండి, డబ్బాకెత్తి ఫెబీ చేతికిచ్చింది.

"ఆ పెద్దమ్మకియ్యి. మా మనమరాలి పేరు చెప్పి తినమను."

ఫెబీ డబ్బా పట్టుకుని హాలంతా కలియతిరిగింది.

"కురిచేడోళ్లలో మగ్దలీనమ్మ ఎవరక్కా?"

"మా మనిషి గాదే. మీ యర్రగొండపాలెం పక్కామె అనుకుంటాండాం!"

బేస్తవారిపేట వాళ్లను అడిగితే వాళ్లూ అదే మాట. చివరికి డాక్టరు వందన దగ్గరికే వెళ్లింది.

"మేడం, మగ్దలీనమ్మ పెద్దమ్మ రాలేదా? ఆ రోజు నోరు పారేసుకున్నా. తప్పయిందని చెప్పుకోవాల."

"రాదు ఫెబీ. ఈ రోజు గిద్దలూరు వాళ్లకు ఇంకో డాక్టరు కొత్త క్లాసులు మొదలుపెట్టారు. ఆ క్లాసులో కూర్చుంది."

ఫెబీకి జాలేసింది.

"అయ్యో, ఫెయిలయిందా మేడం? ఈ వయసులో మళ్లీ మొదటి నుంచా? ఏ ఊరో చెప్పండి, నేను పోయి పక్కన కూర్చుని నేర్పిస్తా!"

డాక్టరు వందన పడీపడీ నవ్వింది. నవ్వీ నవ్వీ కళ్లు తుడుచుకుంది.

"తెలియదని చెప్పుకోవడానికి మీకందరికీ సిగ్గు కదా ఫెబీ. అందుకే మీ బదులు అడగడానికి ఆవిడ ప్రతి క్లాసుకూ వచ్చి కూర్చుంటుంది," అంది. "కాన్పు గదిలో మొదటిసారి నాకే ఏం చెయ్యాలో తెలియకపోతే, పక్కన నిలబడి నాకు పని నేర్పిన హెడ్ నర్సు ఆవిడే."