మూడో రోజు వచ్చినావిడ

కిటికీలు మూసినా మిరపకాయల ఘాటు ఆగలేదు.

గోడ అవతల కల్లంలో కాయ ఆరబోశారు. గదిలో టీచర్లందరూ దగ్గుతూనే ఉన్నారు.

ముందు నిలబడి పాఠం చెప్పి చూపించడం సుబ్బరావమ్మ వంతు.

"పిల్లలూ, ఎయిడ్స్ ఎలా రాదో తెలుసుకుందాం. పక్కన కూర్చుంటే రాదు. దగ్గితే రాదు. కలిసి తింటే రాదు."

"ఎక్కం అప్పజెప్పినట్టుందండీ," అన్నాడు శివరామకృష్ణ మాస్టారు.

గది ఘొల్లుమంది. సుబ్బరావమ్మ నవ్వలేకపోయింది.

దర్శిలో టీచర్లకిచ్చే ఈ మూడు రోజుల శిక్షణకి ఆమె కావాలని పేరిచ్చుకుని వచ్చింది. హారిక కోసం.

హారిక ఆమె బళ్లో నాలుగో తరగతి. తండ్రి ఎయిడ్స్‌తో పోయాడు. ఆ పిల్లని మధ్యాహ్న భోజనం పంక్తిలో కూర్చోబెడితే మా పిల్లల్ని పంపేది లేదని ఊళ్లో తల్లులు పట్టుబట్టారు. సోమవారం ఆ తల్లులందరూ బడికొస్తారు. వాళ్లని ఒప్పించలేకపోతే పిల్లని మిరపకాయ కోతకి పంపేస్తానని మేనమామ తేల్చి చెప్పేశాడు.

ఇవాళ శనివారం, మూడో రోజు. శిక్షణ అయిపోవస్తోంది. ఆ తల్లులకి చెప్పాల్సిన మాట మాత్రం ఇంకా దొరకలేదు.

శిక్షణ ఇస్తున్న దేవకుమారి మేడమ్ సర్టిఫికెట్ల మీద సంతకాలకని మండలాఫీసుకి వెళ్లింది. "ఈ జబ్బు ఇంట్లోకొస్తే ఎలా ఉంటుందో చూసిన మనిషి మూడో రోజు వచ్చి మీతో మాట్లాడతారు," అని ఆవిడ మొదటిరోజే చెప్పింది.

తలుపు తోసుకుని ఒక బక్కపలచటి ముసలావిడ లోపలికొచ్చింది.

"దేవకుమారి లేదామ్మా?"

"మండలాఫీసుకెళ్లారు. కూర్చోండి."

ఆవిడ వెనక బల్ల మీద కూర్చుని, కొంగు అడ్డం పెట్టుకుని దగ్గింది.

గదంతా దగ్గుతున్నా, ఆ దగ్గొక్కటే అందరికీ వినబడింది.

"ఈవిడేనంటారా?" పక్క టీచరు గొంతు తగ్గించింది.

"చూస్తే తెలీడంలా? ఎముకలే గదండీ మిగిలింది," అంది ఇంకో టీచరు.

ఆ బల్ల మీదున్న ఇద్దరు నెమ్మదిగా లేచి ముందు వరసలోకి జరిగారు.

మధ్యాహ్నం క్యారియర్లు విప్పారు. ఎవరి గిన్నెలు వాళ్లు మధ్యలో పెట్టి అందరూ పంచుకోవడం మొదటిరోజు నుంచీ ఉన్నదే. దేవకుమారి గోంగూర పచ్చడికైతే పోటీ. పొద్దున వదిలివెళ్లిన సీసా అప్పుడే ఖాళీ అయిపోయింది.

"సోమవారం ఆ తల్లులకేం చెప్పాలండీ?" అన్నం కెలుకుతూ అంది సుబ్బరావమ్మ.

"కలిసి తింటే రాదని చెప్పండి," అన్నాడు మాస్టారు.

"చెప్పాను. నువ్వు తింటావా అనడిగారు."

"మీరేమన్నారు?"

సుబ్బరావమ్మ తల దించుకుంది.

ముసలావిడ ఒక గిన్నె పట్టుకుని ఆమె దగ్గరికొచ్చింది.

"చింతచిగురు పప్పు. వేసుకో తల్లీ. ఆ పిల్ల సంగతే మాట్లాడదామని..."

"ఇవాళ ఉపవాసమండీ," అనేసింది సుబ్బరావమ్మ.

ఆమె ముందు సగం తిన్న అన్నం ఉంది.

ముసలావిడ ఆ అన్నం వంక చూసింది. చుట్టూ చూసింది. ఎవరి చెయ్యీ ముందుకు రాలేదు. గిన్నెకి మూత పెట్టింది.

శివరామకృష్ణ మాస్టారికి జాలేసింది. "ఎన్నాళ్లయిందమ్మా జబ్బు బయటపడి?"

"నాకా?"

ఏదో చెప్పబోయింది. అంతలో ఆవిడ చూపు ఖాళీ పచ్చడి సీసా మీద పడింది. నోరు మూసుకుంది.

"పొదిలి బస్సుందయ్యా. వెళ్లొస్తా."

"ఉండండి, మేడమ్ వచ్చేస్తారు," అన్నారు గానీ ఎవరూ లేవలేదు.

సుబ్బరావమ్మ క్యారియర్ మూత పెట్టేసింది. లేచి కిటికీ రెక్క తీసింది. ఎర్రటి ఎండలో ఆవిడ రోడ్డు దాటుతోంది. పిలుద్దామనుకుంది. పేరైనా అడగలేదని అప్పుడు గుర్తొచ్చింది.

బస్సు వచ్చి ఆవిడని ఎక్కించుకుని పోయింది.

కాసేపటికి దేవకుమారి చెమటలు కక్కుతూ వచ్చింది.

"ఒక పెద్దావిడ రాలేదాండీ?"

"వచ్చి వెళ్లిపోయింది మేడమ్," అన్నాడు మాస్టారు. "ఆ జబ్బుతో ఎక్కువసేపు కూర్చోలేరు గదా పాపం."

"ఏ జబ్బు?"



దేవకుమారి అందరి మొహాలూ చూసింది. వెనక ఖాళీగా ఉన్న బల్ల చూసింది. మెల్లగా కుర్చీలో కూర్చుంది.

"జబ్బు నాకండీ. నా కొడుక్కి కూడా. ఆ మాట ఇవాళ నేనే మీతో చెప్పాలనుకున్నా. నేను చెప్పకుండా ఆవిడ చెప్పదు."

శివరామకృష్ణ మాస్టారు పచ్చడి తిన్న చెయ్యి చొక్కాకి తుడుచుకోబోయి మధ్యలో ఆగిపోయాడు.

"మరి ఆవిడెవరు మేడమ్?" అని అడిగింది సుబ్బరావమ్మ.

"మా అత్తగారు," అంది దేవకుమారి. "నా కొడుకుని భోజనాల పంక్తిలోంచి లేపేస్తే, రోజూ బడికెళ్లి వాడి పక్కన కూర్చుని తిని, ఊళ్లో తల్లులందర్నీ ఒక్కొక్కర్నే తీసుకొచ్చి వాడి పక్కన కూర్చోబెట్టింది ఆవిడే. మీ హారిక సంగతి నేను చెబితే, సోమవారం ఆ టీచరమ్మ వెంట నేను వెళ్తానని బయల్దేరి వచ్చింది."