పాలు తాగనన్న మనిషి

"పాలు తాగందే డబ్బా తీసుకోను," అని నర్సు ఖరాఖండిగా చెప్పేసింది.

నలభై ఐదు దాటిన ఆడవాళ్లు రోజూ పాలు తాగితే బరువు, షుగరు, పేగుల్లోని బాక్టీరియా ఎలా మారతాయో ఆస్పత్రిలోని ఆ గదిలో పరీక్షిస్తున్నారు. వచ్చినవాళ్లు గ్లాసు ఖాళీ చేసి, ఇంటి నుంచి తెచ్చిన మలం డబ్బా ఇచ్చి వెళ్లాలి.

"నాకు పాలొద్దు తల్లీ. తిండి మార్చొద్దన్నారు," అంది చేతిసంచీతో వచ్చిన ఆవిడ.

"ఎవరన్నారు?"

"చెప్పకూడదన్నారు."

వరసలో ఎవరో నవ్వారు. "తాగేయమ్మా, ఈ వయసులో ఎత్తేమీ పెరగవులే!"

నర్సుకు నవ్వు రాలేదు. పై అంతస్తులో ఆమె అక్క రెండు నెలలుగా మంచం పట్టి ఉంది. వాడిన మందులకు పేగుల్లో మంచి బాక్టీరియా అంతా చచ్చిపోయి, తిన్నది నిలవడం లేదు. వారం వారం ఎక్కించే మందుతోనే ప్రాణం నిలబడుతోంది. ఆ రోజు పదకొండింటికి మళ్లీ ఎక్కించాలి.

అక్క మీది దిగులు కాస్తా ఎదురుగా దొరికిన మనిషి మీద కోపమై కూర్చుంది.

"పేరేంటి?"

"నా సంగతి పెద్ద నర్సుకు తెలుసమ్మా. ఎప్పుడూ ఇక్కడే ఆవిడకే ఇస్తాను."

"ఆవిడ సెలవు. జాబితాలో మీరు లేరు, పాలు తాగరు. ఆటలనుకున్నారా?"

"ఇవాళ ఇది తప్పకుండా చేరాలి. డాక్టరుగారిని పిలువు తల్లీ."

"ఆయన ఆపరేషన్‌లో ఉన్నారు." నర్సు డబ్బా లాక్కుని చెత్తబుట్టలో పడేసింది.

ఆవిడ కదల్లేదు. గార్డు వచ్చి రెక్క పట్టుకుని బయటికి పంపాడు.

పన్నెండయింది.

"మందొచ్చిందా చెల్లీ?" అంది అక్క.

"వస్తుందక్కా. ఎంత దూరం నుంచి ఐసు పెట్టెలో రావాలో!"

మూడో రోజు మధ్యాహ్నం అక్క పోయింది.

నర్సు డాక్టరు మీద విరుచుకుపడింది. "సమయానికి మందెందుకు తెప్పించలేదు సార్?"

"అది కంపెనీ నుంచి వచ్చే మందు కాదమ్మా. ఆరోగ్యంగా ఉన్న మనిషి మలంలోని బాక్టీరియానే తీసి ఎక్కిస్తాం. ముప్పై మందిని పరీక్షిస్తే ఒక్కావిడే పనికొచ్చింది. దాత ఎవరో రోగి తాలూకు వాళ్లకు తెలియకూడదు, అందుకే నీకు చెప్పలేదు."

నర్సు మెల్లగా అడిగింది, "మరి... ఆవిడ రాలేదా?"

"వచ్చింది. కింద ఎవరో గెంటేశారట. మర్నాడు మళ్లీ తెచ్చింది, అప్పటికి మీ అక్కకు ఎక్కించుకునే ఓపిక లేదు," అన్నాడు డాక్టరు. "ముక్కూ మొహం తెలియని మీ అక్కను ఈ రెండు నెలలూ బతికించుకొచ్చింది ఆవిడే."