శనివారం నాన్న

“వచ్చాడమ్మా వేషాలాయన,” అంది ఆయా, కిటికీలోంచి చూసి.

సూపర్వైజర్ గడియారం చూసింది. పది కావడానికి ఇంకా అయిదు నిమిషాలుంది. ఏనాడూ ఆలస్యం చేయడు, అదొక్కటే మెచ్చుకోవాలి. మిగతాదంతా చూస్తే ఆమెకు ఒళ్ళు మండుతుంది.

కుటుంబ కోర్టు వెనకభాగంలో ఉందా గది. విడాకులైపోయాక బిడ్డ ఎవరి దగ్గర లేదో వాళ్ళు వారానికి రెండు గంటలు అక్కడికొచ్చి చూసుకోవచ్చు. నాలుగు ప్లాస్టిక్ కుర్చీలు, ఒక చాప, చక్రం ఊడిన బొమ్మ లారీ, ఓ సంతకాల రిజిస్టరు. ఈయన పాప విషయంలో జడ్జి ఇంకో షరతు కూడా పెట్టాడు. తల్లి తొమ్మిదీ ముప్పావుకు పాపను దించి వెనక గేటునుంచి వెళ్ళిపోవాలి, తండ్రి పదింటికి ముందు గేటునుంచి రావాలి. విడాకులొచ్చిన రోజు ఇద్దరూ కోర్టు మెట్ల మీదే ఒకరి వంశాన్ని ఒకరు కడిగేసుకున్నారట మరి. చదువుకున్నవాళ్ళే.

కాగితాల ప్రకారం తండ్రికి మూడు టైల్స్ షాపులు. ఈయన వచ్చేదేమో అరిగిన చెప్పులతో, మోచేతి దగ్గర కుట్టేసిన చొక్కాతో.

“భరణం తగ్గించుకోవడానికే,” అని సూపర్వైజర్ మొదటి నెలలోనే తేల్చేసింది. “లేనివాడిలా కనబడితే మనం జాలిపడి రాస్తామని. ఎవరి చెవిలో పువ్వులు పెడదామనో.”

మొదటిరోజే ఆమెకు రోత పుట్టింది. ఆయన కోర్టు కాగితం చూపించాడు. ఆమె రిజిస్టరు ముందుకు తోస్తే అక్షరాలు కూడబలుక్కుని సంతకం పెట్టాడు. ఆయా ఏణ్ణర్ధం పాపను ముందుకు జరిపి, “అదుగో మీ నాన్న,” అంటే గతుక్కుమన్నాడు. కన్నబిడ్డను చూసి గతుక్కుమనే తండ్రి. ఉన్న రెండు గంటలూ కుర్చీ అంచున కూర్చుని గోళ్ళు చూసుకున్నాడు.

ఆ తర్వాత నటన ముదిరింది. చాప మీదికి దిగాడు. గుర్రమయ్యాడు. అట్టపెట్టె కోసి, కిటికీలు చెక్కి, ఇల్లు చేసుకొచ్చాడు. మధ్యలో ఫోనొస్తే లేచి నిలబడి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని మాట్లాడేవాడు. అప్పులవాళ్ళు తరుముతున్నారని మనం అనుకోవాలి కాబోలు.

“మూడు షాపుల ఆసామికి ఒక్క బొమ్మ కొనడానికి చేతులు రాలేదు,” అంది సూపర్వైజర్, వినబడేట్టే. ఆయన తలెత్తలేదు.

“ఏమోనమ్మా, పాపకు బూట్లు తొడిగే తీరు చూస్తే అలా అనిపించదు,” అంది ఆయా.

“నీకు తెలీదులే. అక్కడ టైల్స్ అమ్ముతాడు, ఇక్కడ ప్రేమ అమ్ముతున్నాడు.”

ఒకసారి పాపకు ఒళ్ళు వెచ్చబడింది. ఆయన కంగారుగా లేచి, “మేడం, అమ్మగారికి ఫోన్ చెయ్యండి, త్వరగా,” అన్నాడు.

అమ్మగారట. వదిలేసిన పెళ్ళాన్ని అమ్మగారంటాడు. ఒళ్ళు కాలిపోతున్న బిడ్డను ఎత్తుకుని కూడా వెటకారం మానడు. సూపర్వైజర్ పళ్ళు నూరుకుంటూ ఫోన్ చేసింది. తల్లి వచ్చేలోగా, షరతు ప్రకారం, ఆయన్ని ముందు గేటునుంచి పంపేసింది.

రెండేళ్ళు గడిచాక అసలు సంగతి బయటపడింది. తండ్రి తరఫున కొత్త పిటిషన్ పడింది. ఒక్క శనివారం కూడా మానలేదు, రిజిస్టరే సాక్ష్యం, కనుక పాత ఉత్తర్వు మార్చి బిడ్డను తండ్రికప్పగించాలి. బిడ్డ తండ్రి దగ్గరే ఉంటుంది కాబట్టి బిడ్డకిచ్చే భరణం కూడా ఆపేయాలి. జడ్జి సూపర్వైజర్‌ను నివేదిక అడిగాడు.

తల్లి ఆ మధ్యాహ్నమే పరుగెత్తుకొచ్చింది.

“నా బిడ్డను లాగేసుకుంటాడా మేడం? ఇంట్లో ఉన్నన్నాళ్ళూ దాన్ని ఎత్తుకున్న పాపాన పోలేదు. ఏడిస్తే పక్క గదిలోకి పోయి తలుపేసుకునేవాడు.”

“మారాడో, మారినట్టు నటిస్తున్నాడో నాకు తెలీదమ్మా. కానీ పాప ఆయన్ని వదలదు. పన్నెండయితే చొక్కా పట్టుకుని ఏడుస్తుంది. చూసింది రాయకపోతే నాకీ ఉద్యోగం ఎందుకు?”

“నిద్రలో కూడా నాన్నా అంటోంది,” అంది తల్లి. గోడకు ఆనుకుని కూర్చుండిపోయింది.

సూపర్వైజర్ ఆమెకు మంచినీళ్ళు తెచ్చిచ్చింది. అయినా నివేదికలో అబద్ధం రాయడానికి చెయ్యి రాలేదు. తండ్రి ఆదాయం దాచి పేదవాడిలా నటిస్తున్నాడని ఒక వాక్యం రాసింది. పాపకు ఆయన మీద ప్రాణమని ఒక పేజీ రాసింది.

విచారణ రోజు తల్లి లోపల తన వకీలు పక్కన కూర్చుంది. సూపర్వైజర్ పాప చెయ్యి పట్టుకుని వరండాలో నిలబడింది. నిలబడ్డానికి చోటు లేనంత జనం. ఉన్నట్టుండి పాప చెయ్యి విడిపించుకుని, “నాన్నా,” అంటూ పరుగుతీసింది.

వేషాలాయన స్తంభం పక్కన నిలబడి ఉన్నాడు. అవే చెప్పులు, అదే చొక్కా. పాప ఆయన చెయ్యి పట్టుకుని ఊగుతోంది.

సూపర్వైజర్ ఇక ఆగలేకపోయింది. “జడ్జిగారి ముందుకు కూడా ఈ వేషంతోనేనా? కాస్తయినా సిగ్గనిపించడం లేదూ? ఆ తల్లి ఉసురు పోసుకుని ఏం బావుకుంటారు?”

“మీకొకటి చెప్పాలి మేడం. ఎప్పుడో చెప్పాల్సింది,” అని ఆయన నీళ్ళు నమిలాడు.

“ఏదైనా ఉంటే లోపల చెప్పుకోండి.”

బంట్రోతు తలుపు తీసి కేసు నంబరు పిలిచాడు. “తండ్రి ఎవరండీ? పాపను తీసుకుని లోపలికి రావాలి.”

వేషాలాయన తల దించుకున్నాడు. కదల్లేదు.

వరండా చివర బెంచీ మీద ఫోను చూసుకుంటున్న ఒకాయన, రెండేళ్ళలో ఏ శనివారమూ ఆమె కంటపడని మనిషి, తీరిగ్గా లేచి వచ్చి, పాప పట్టుకుని ఊగుతున్న ఆ చేతిలో కారు తాళాలు పడేసి, “పాపను ఇలా ఇచ్చి, నువ్వెళ్ళి బండి నీడలో పెట్టు,” అన్నాడు.