రెండోదాని పేరు

"ఈ పేరు మార్చండి," అంది మొరెనికే. కూతురి మెడలోంచి తీసి తెచ్చిన అట్టముక్కను టీచరు బల్ల మీద పెట్టింది. దాని మీద రంగులతో 'కెహిండే' అని రాసి ఉంది.

ఫిలడెల్ఫియాలో నల్లవాళ్లు తమ పిల్లల కోసం పెట్టుకున్న బడి అది. అందులో చేరినవాళ్లు ఇంగ్లీషు పేరు వదిలేసి, గోడ మీదున్న ఆఫ్రికా పేర్లలో ఒకటి తీసుకోవాలి.

"మా ముత్తాతల పేర్లు బానిసలుగా ఓడ ఎక్కించినప్పుడే పీకేశారక్కా," అంది టీచరు. "నువ్వేమో నైజీరియాలో పుట్టి, పిల్లకి గ్రేస్ అని పెట్టుకున్నావు. అక్కడివాళ్లకే ఆ పేర్లు చేదైతే ఇక మేమెక్కడికి పోవాలి?"

"చేదు కాదు. మాలో అది కవలల్లో రెండోదాని పేరు. తోడు లేకుండా పుట్టినదానికి పెడితే మావాళ్లు నవ్విపోతారు. మీకేం, గోడ మీద కనబడింది, అంటించేశారు."

"నేనంటించలేదు. తనే ఏరుకుంది. ఫోన్లో వాళ్ల అమ్మమ్మ ఆ పేరుతోనే పిలుస్తుందట."

ఆ పేరెత్తొద్దని మొరెనికే తన తల్లికి ఎన్నిసార్లు చెప్పిందో.

అట్టముక్క అక్కడే వదిలేసి లేచింది. గుమ్మంలో కూతురు నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో, అంతా విన్నట్టుంది. పక్కనుంచి తప్పుకు పోబోతే దారివ్వలేదు.

"అమ్మా, నేను రెండోదాన్నా? మరి మొదటిది ఏదీ?"