ఒక్కపొద్దు చేపలు

పొద్దున్నుంచి నాగేంద్రమ్మకు కుడికన్ను అదురుతోంది.

"మార్కండేయా, ఆ అద్దం తుడవకు బిడ్డా!"

"పాచి పట్టిందమ్మా. పెద్దసారు వస్తుండు."

"పట్టనీ. నా మాటిను."

గద్వాల బస్టాండు వెనక పార్కులో చేపలశాల పెట్టి ఎనిమిది నెలలు. ఒకటే గది, ఒకటే అద్దాల తొట్టి, ఆరు ఎర్రచేపలు. వాటిని చూసుకునేది నాగేంద్రమ్మ ఒక్కగానొక్క కొడుకు. ఈ రోజే తనిఖీ. ఆరింటిలో ఒకటి తగ్గినా, నలతగా కనబడినా కొలువు ఊడుతుంది. అన్నీ బాగుంటే పర్మినెంటు.

గోడ మీద చేపల సంరక్షణ బోర్డు ఉంది. తొట్టి కంటే పెద్దది. పద్నాలుగు నిబంధనలు. వారానికోసారి నీళ్లు మార్చాలి. ఉగాదికి వచ్చిన ట్యాంకరు మళ్లీ ముఖం చూపలేదు. నెలనెలా డాక్టరు చూడాలి. ఆయన ప్రారంభోత్సవం నాడు వచ్చి, మిర్చి బజ్జీలు తిని, పన్నెండు నెలల సంతకాలూ ఒకేసారి పెట్టి వెళ్లాడు. కరెంటు పోతే గాలి మిషనుకు జనరేటరు ఉండాలి. ఉంది, కమిటీ అధ్యక్షుడి ఇంట్లో.

"నీళ్లకు రంగు పోతే ఎట్లరా?" అంది నాగేంద్రమ్మ గొంతు తగ్గించి. నీళ్లు చెడితే చేప రంగు పోతుందని బోర్డు మీదే రాసి ఉంది మరి.

"పోదమ్మా. నువ్వు జర బయటికి పో. నీ ముఖం చూస్తెనే సారుకు అనుమానమొస్తది."

పోయేలోపే జీపు ఆగింది. తనిఖీ అధికారి దశరథం లోపలికొచ్చాడు. చేతిలో రాతపలక, చంకలో మేత డబ్బా.

సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది. బుడగలు ఆగిపోయాయి. చేపలు ఎక్కడివక్కడ నిలిచిపోయాయి.

తల్లీ జమ్ములమ్మా, నీకు కోడిని కోస్త, గట్టెక్కియ్యి, అని మొక్కుకుంది నాగేంద్రమ్మ.

"అబ్బ!" అన్నాడు దశరథం. "మిగతా చోట్ల గాలాగితే చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తాయి. ఇవి చూడు, ఎంత నిబ్బరంగా ఉన్నాయో! నీళ్లలో వీటి మలం కూడా లేదు. ఎప్పుడు మార్చావయ్యా?"

"రూలు ప్రకారమే సార్," అన్నాడు మార్కండేయ.

"ఏదీ, మేత వేద్దాం." డబ్బా మూత తీశాడు.

నాగేంద్రమ్మ తొట్టికి అడ్డంగా వచ్చింది.

"అయ్యో, వద్దు సారూ! ఇయ్యాల ఏకాదశి. ఒక్కపొద్దున్నయి!"

మార్కండేయ కళ్లు మూసుకున్నాడు. దశరథం చెయ్యి ఆగింది. బోర్డు వైపు తిరిగి కళ్లజోడు సర్దుకున్నాడు.

"తొమ్మిదో నిబంధన! వారానికొకరోజు మేత ఆపాలి. ఇరవయ్యేళ్ల సర్వీసులో దీన్ని పాటించినవాళ్లను ఇప్పుడే చూస్తున్నా!"

గబగబా రాసుకున్నాడు. ఆరోగ్యం ఉత్తమం. క్రమశిక్షణ అత్యుత్తమం. మార్కండేయ భుజం తట్టాడు.

"నీ కొలువు పర్మినెంటయినట్టే. ఇంకో మాట. వనపర్తిలో, నాగర్‌కర్నూలులో కూడా చేపలశాలలు పెడుతున్నాం. అక్కడికి ఈ జాతే కావాలి. నెల రోజుల్లో వీటి పిల్లల్ని పంపించు. ఒక్కోచోటికి డజను."

"పిల్లలా సార్?"

"ఇంత ఆరోగ్యంగా ఉన్నాయి, పెట్టకేం?"

జీపు కదిలింది. తల్లీకొడుకులు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

"ఏం జేద్దామే అమ్మా?"

"పరేషాన్ గాకు. పిల్లలంటే సన్నగనే ఉంటయి గద," అంది నాగేంద్రమ్మ.

ఇంటికి పోగానే సందూకులోంచి తన పెళ్లినాటి ఎర్ర పట్టుచీర తీసింది. కొంగంతా ఆ ఆరు చేపలు కుట్టడానికే అయిపోయింది కాబట్టి, ఈసారి అంచుకు కత్తెర పెట్టింది.